మొదటి గడిలో టిక్కు

కొత్తరేవు హైస్కూల్లో ఏడో తరగతి గది కప్పు కూలిపోతుందని డాక్టర్ హైమవతి పన్నెండు రోజుల ముందే చెప్పింది. హెడ్మాస్టరు మొదట నమ్మలేదు. గోడల్లో బీట లేదు, కప్పులో చెమ్మ లేదు, పోయిన వేసవిలోనే సున్నం వేయించామన్నాడు. కానీ చెబుతున్నది ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ విభాగానికి పెద్ద. కాదనలేక పిల్లల్ని వరండాలోకి మార్చాడు. పన్నెండో రోజు మధ్యాహ్నం, భోజనాల గంట కొట్టిన కాసేపటికి, ఆ గది కప్పు మొత్తం ఒక్క ముక్కగా కిందికి దిగింది. బెంచీలు నుజ్జయిపోయాయి. పిల్లల్లో ఎవరికీ గీటు కూడా పడలేదు.

సాయంత్రానికి కాలేజీ గేటు దగ్గర తల్లులు గుమిగూడారు. ఒకావిడ హైమవతి చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. హైమవతికి అప్పుడు యాభై ఒకటి. ఇరవై ఆరేళ్లు చిన్న ఊళ్లో చిన్న కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, పెద్ద ఊళ్లలో సభలకు వెళితే వెనక వరసలో కూర్చుని వచ్చిన మనిషి. ఆ సాయంత్రం ఆమెకు చాలా బాగుంది. తర్వాత జరిగినవి తలుచుకున్నప్పుడల్లా, తప్పు మొదలైంది లైసెన్సు కాగితం దగ్గర కాదు, ఆ బాగుండటం దగ్గరేనేమో అనిపించేది.

ఆమె తయారుచేసినదాని పేరు నాడి. కట్టడం నిలబడి ఉన్నంతకాలం సన్నగా వణుకుతూనే ఉంటుంది. రోడ్డు మీద లారీ పోయినా, పై అంతస్తులో ఎవరైనా పప్పు దంచినా, సముద్రపు గాలి విసిరినా వణుకుతుంది. ఆ వణుకు మన కంటికి ఆనదు, ఫోనుకు తెలుస్తుంది. మూడు ఫోన్లు గోడకు టేపుతో అంటించి, నేల మీద రోకలితో ఇరవై దెబ్బలు వేస్తే, నాడి ఆ గోడ ఇంకా ఎంతకాలం నిలుస్తుందో చెబుతుంది. మామూలు ఇంజనీరింగ్ లెక్కలు 'బాగుంది', 'బాగాలేదు' అని చెప్పి ఊరుకుంటాయి. నాడి ఏళ్లు చెబుతుంది, చివరికొచ్చేసరికి నెలలు, రోజులు కూడా.

దానికి ఆ విద్య అంత తేలిగ్గా రాలేదు. లాబ్ టెక్నీషియన్ ఏసుదాసు తొమ్మిదేళ్లపాటు రోకలి, టేపు, ఫోన్లు సంచీలో వేసుకుని సైకిలు మీద ఊరంతా తిరిగాడు. రెండు వేల పైచిలుకు గోడలు కొలిచాడు. ఎక్కడ పాత మేడ కూలినా, ఎక్కడ గోడ ఒరిగినా వెళ్లి తేదీ రాసుకొచ్చేవాడు. ఫోన్లు అంటించేముందు వేలి కణుపుతో గోడను నాలుగుచోట్ల కొట్టి, కుండలు కొనేవాళ్లు విన్నట్టు విని, తన అంచనా చెప్పేవాడు. హైమవతి దాన్ని పుస్తకంలో ఒక గళ్ల వరసలో రాయించేది. ఆ వరసకు పైన 'ఏసుదాసు చెవి' అని రాసుకున్నారు. నాడికి మొదటి రెండేళ్లూ గురువు ఆ వరసే. విదేశీ పత్రికకు వ్యాసం పంపేటప్పుడు ఆమె ఆ పేరు కొట్టేసి 'నిపుణుల అంచనా' అని మార్చింది. వ్యాసంలో అలాగే రాయాలి మరి, అనుకుంది.

*

స్కూలు కప్పు కూలిన రెండు నెలలకు యూనివర్సిటీ నుంచి ఒక ఫారం వచ్చింది. ప్రభుత్వం సొమ్ముతో తయారైన సాఫ్ట్‌వేర్ కాబట్టి నాడిని కోడ్‌తో సహా జనానికి విడుదల చెయ్యాలి. ఏ లైసెన్సు కింద విడుదల చేస్తారో కింది మూడు గళ్లలో ఒకదానిలో టిక్కు పెట్టండి. శుక్రవారంలోగా పంపండి.

హైమవతి దృష్టిలో అది ప్రయాణఖర్చుల బిల్లులాంటి మరో కాగితం. ఆమె దగ్గర పరిశోధన చేస్తున్న నఫీసాకు మాత్రం కాదు. నఫీసా ఆ ఊరి పెద్దమసీదు వీధిలో దర్జీ కూతురు. ఐదేళ్లుగా లాబ్‌లో ఉంది. నాడి కోడ్‌లో సగం దాకా ఆమె రాసిందే. ఆ ఫారం చూసిన మర్నాడు నోటుపుస్తకంలో నాలుగు పేజీలు రాసుకొచ్చి హైమవతి ముందు కూర్చుంది.

మొదటి గడి అంటే ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని తాళం వేసి అమ్ముకోవచ్చు, మన పేరు చెరపకుండా ఉంచితే చాలు అని చెప్పింది. రెండో గడిలో అయితే, మార్చి ఎవరికైనా ఇచ్చినవాళ్లు తమ మార్పుల్ని కూడా బయటపెట్టాలి. కానీ అందులో ఒక సందు ఉంది. నాడిని ఎవరికీ ఇవ్వకుండా తన కంప్యూటర్‌లోనే ఉంచుకుని, ఫలితం రాసిన కాగితం మాత్రం అమ్మేవాడికి ఆ నియమం తగలదు. మూడో గడి ఆ సందును కూడా మూస్తుంది. నాడి మాట వాడుకునే ప్రతివాడూ, అది ఆ మాట ఎలా అందో చూపించి తీరాలి.

"బావి తవ్వి ఊరికి వదిలెయ్యడం ఒకటి మేడం. దాని మీద ఎవరూ మూత బిగించకూడదని రాసిపెట్టడం ఇంకొకటి. మనది మనుషుల ఇళ్ల సంగతి. మూడోదే పెడదాం."

హైమవతి ఆలోచిద్దామంది. ఆ సాయంత్రమే శశిభూషణ్ ఫోను చేశాడు. ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్నవాడు, ఇప్పుడు 'స్థిరత' అని కట్టడాలకు ధ్రువపత్రాలిచ్చే కంపెనీ పెట్టాడు. రెండో గడీ మూడో గడీ అయితే తమ లాయర్లు నాడి జోలికే రానివ్వరని చెప్పాడు. మొదటిదైతే ఏడాదిలో రాష్ట్రమంతా తీసుకువెళతానన్నాడు. ప్రతి పత్రం కింద ఆమె పేరుంటుందని కూడా అన్నాడు. ఆ ఏడాది జాతీయ ఇంజనీర్ల పరిషత్తుకు ఆమె పేరు ఎవరో సూచించి ఉన్నారు. అలాంటిచోట, ఎంతమంది వాడుతున్నారు అనేదే మొదట అడుగుతారు.

గురువారం పొద్దున టీ తాగుతూ హైమవతి మొదటి గడిలో టిక్కు పెట్టింది. ఒక చిక్కు మిగిలింది. కోడ్ రాసినవాళ్లందరూ ఒప్పుకుంటేనే లైసెన్సు చెల్లుతుంది. నఫీసా సంతకం కావాలి.

నఫీసా సిద్ధాంత గ్రంథం అప్పటికి ఆరు వారాలుగా హైమవతి బల్ల మీదే ఉంది. గైడు సంతకం పెడితే యూనివర్సిటీకి వెళ్లాలి. హైమవతి నఫీసాను పిలిచి, లైసెన్సు ఫారం ఆమె ముందు పెట్టింది. దాని పక్కనే, ఇంకా సంతకం పెట్టని గ్రంథం మొదటి పేజీ పెట్టింది. కలం మూత తీసి రెండు కాగితాల మధ్య ఉంచింది, అంతే.

నఫీసా రెండు కాగితాలూ చూసింది. కలం తీసుకుని సంతకం పెట్టింది. తర్వాత హైమవతి కూడా రెండో కాగితం మీద పెట్టింది. అప్పుడే టీ గ్లాసులు తీసుకెళ్లడానికి వచ్చిన ఏసుదాసు, నఫీసమ్మకు డాక్టరేటు వచ్చేసినట్టేనా అని సంతోషంగా అడిగాడు. వచ్చేసినట్టేనంది హైమవతి. అతని సంతకం ఎవరూ అడగలేదు. అతను కోడ్ రాయలేదు కదా.

*

శశిభూషణ్ అన్నంత పనీ చేశాడు. రెండేళ్లు తిరిగేసరికి ముప్ఫై ఏళ్లు దాటిన ప్రతి కట్టడానికీ ఆయుర్దాయ పత్రం ఉండాలని రాష్ట్రంలో నిబంధన వచ్చింది. పత్రంలోని అంకెను గుమ్మం పక్కన రంగుతో రాయించాలి. ఇరవై దాటితే ఆకుపచ్చ, ఐదు దాటితే పసుపు, అంతకు తక్కువైతే ఎరుపు. అద్దెకు వచ్చేవాళ్లు ముందు ఆ అంకె చూసేవారు. పెళ్లి సంబంధాల్లో అబ్బాయి ఉద్యోగంతో పాటు ఇంటికి ఎన్నేళ్లున్నాయో కూడా అడగడం మొదలైంది. కొందరు ముసలివాళ్లు తమ అంకె కన్నా ఇంటి అంకె ఎక్కువుందని నవ్వుకునేవారు.

ప్రతి పత్రం కిందా సన్నని అక్షరాల్లో 'డాక్టర్ హైమవతి రూపొందించిన నాడి ఆధారంగా' అని ఉండేది. పరిషత్తులో ఆమెకు సభ్యత్వం వచ్చింది. సభల్లో ముందు వరసలో కుర్చీ వచ్చింది. నఫీసా డాక్టరేటు తీసుకుని హైదరాబాదులో ఒక పాలిటెక్నిక్‌లో చేరింది. పండగలకు ఫోను చేసేది. లైసెన్సు మాట ఎప్పుడూ ఎత్తేది కాదు.

ఫిబ్రవరిలో ఒక రోజు ఏసుదాసు చేతిలో మడిచిన కాగితంతో వచ్చాడు. అతనిది లైట్‌హౌస్ క్వార్టర్లు. అతని తాత కాలంలో రేవు హమాలీల కోసం కట్టిన అరవై నాలుగు ఇళ్లు, రెండంతస్తుల్లో. పోర్టు సన్నబడ్డాక ఆ స్థలం ఎవరెవరి చేతులో మారి ఒక గిడ్డంగుల కంపెనీకి చేరింది. అయినా జనం చిన్న అద్దెలు కట్టుకుంటూ అక్కడే ఉంటున్నారు. ఇప్పుడు స్థిరత చేత కొలిపించి ఆయుర్దాయ పత్రం తెప్పించింది ఆ కంపెనీయే.

"మా క్వార్టర్లకి పద్నాలుగు నెలలే అందండి నాడి," అన్నాడు ఏసుదాసు. "ఏప్రిల్లోగా ఖాళీ చేసెయ్యమని కాయితం అంటించేరు. ఎవరూ కదలమంటన్నారు. నాకూ గోడ సప్పుడు వింటే గట్టిగానే ఉన్నట్టుందండి. కానీ మన నాడి అబద్ధం ఆడదు కదా. ఓసారి మీరు చెబితే బాగుంటుందని."

సాయంత్రం రమ్మని, హైమవతి శశిభూషణ్‌కు ఫోను చేసింది. అతను మర్యాదగానే మాట్లాడాడు. తీర ప్రాంతాలకు ఉప్పు గాలిని లెక్కలోకి తీసుకుని నాడిని కొంచెం సవరించామన్నాడు. ఎంత సవరించారో చూపించమంది. అది కంపెనీ రహస్యం అన్నాడు. తన నాడిని తనకే చూపించరా అని అడిగింది.

"చూపించక్కర్లేదనే కదా మేడం మీరు లైసెన్సు ఇచ్చారు," అన్నాడు శశిభూషణ్. గొంతులో వెటకారం లేదు. పాఠం అప్పజెప్పిన విద్యార్థిలా అన్నాడు.

ఆమె దగ్గర పాత నాడి ఉంది. రోకలి ఉంది. క్వార్టర్లు కాలేజీకి రెండు కిలోమీటర్లు. ఒక్క పూట పని. వెళ్లి కొలిస్తే అంకె వేరే వస్తుందని ఆమెకు లోలోపల తెలుసు. వస్తే, రాష్ట్రమంతా గుమ్మాల పక్కన రాసి ఉన్న అంకెలన్నిటి కిందా తన పేరుందని కూడా తెలుసు. కొలవకపోతే మాత్రం తెలియనట్టే ఉండొచ్చు.

సాయంత్రం ఏసుదాసు వచ్చేసరికి ఆమె జవాబు సిద్ధం చేసుకుంది. ఉప్పు గాలి వల్ల అలా వచ్చి ఉండొచ్చని, ప్రాణాల విషయంలో సాహసం చెయ్యకూడదని, ఖాళీ చెయ్యడమే మంచిదని చెప్పింది.

అతను ఆ మాట మోసుకుంటూ ఇంటింటికీ తిరిగాడు. కదలమని భీష్మించుకున్నవాళ్లను కూర్చోబెట్టి, స్కూలు కప్పు సంగతి చెప్పాడు. ఆ నాడి తన చేతుల్లో పుట్టిందనీ, మేడం గారు స్వయంగా చెప్పారనీ చెప్పాడు. కోర్టుకు వెళ్దామని చందాలు మొదలుపెట్టినవాళ్లు కూడా అతని మాట మీద ఆగిపోయారు. మార్చి ఆఖరుకు అరవై నాలుగు కుటుంబాలూ సామాన్లు సర్దుకున్నాయి.

*

వాళ్లకు చూపించిన చోటు ఉప్పుమడుల అవతల, ఊరికి పద్నాలుగు కిలోమీటర్లు. రేకుల షెడ్లు. చెట్టన్నది లేదు. తాగునీళ్లు ట్యాంకరు తెస్తేనే. పోర్టు గేటు దగ్గర ఇడ్లీలు అమ్ముకునే ఏసుదాసు భార్య సువార్తమ్మకు తెల్లవారకముందే బస్సు లేక ఆ బేరం పోయింది. ఏసుదాసు రోజూ రెండు బస్సులు మారి లాబ్‌కు వచ్చేవాడు. ఆలస్యమైనందుకు తనే క్షమాపణ చెప్పేవాడు.

మే రెండో వారంలో మూడు రోజులు వడగాలి వీచింది. మూడో రోజు మధ్యాహ్నం అతని తల్లి దానమ్మ రేకుల కింద నులకమంచం మీదే ప్రాణం విడిచింది. ఆమెకు ఎనభై రెండేళ్లు. క్వార్టర్లలో పుట్టి, క్వార్టర్లలోనే కోడలై, అక్కడే నలుగురు పిల్లల్ని కన్న మనిషి.

హైమవతి పూలదండ తీసుకుని వెళ్లింది. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నారు. ఆమెను చూసి జనం దారి ఇచ్చారు. ఎవరో పరుగెత్తి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, ఉన్న కాస్త నీడలో వేశారు. మంచినీళ్లు తెచ్చిన సువార్తమ్మ ఆమె పక్కన నేల మీద కూలబడి ఏడ్చింది.

"అత్తమ్మ వయసైపోయి పోయిందండి. గోడ కింద పడి పోలేదు. అది మీ చలవే. మీరు చెప్పబట్టి మిగతా పిల్లాజెల్లా బతికున్నాం."

ఆ మాటే అంటూ ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూడా చేతులు జోడించారు. హైమవతి గ్లాసు పట్టుకుని కూర్చుంది. అప్పుడు చెప్పి ఉండొచ్చు. శవం ముందు కాకపోయినా, సమాధుల దొడ్డి నుంచి తిరిగొచ్చేటప్పుడు ఏసుదాసును పక్కకు పిలిచి చెప్పి ఉండొచ్చు. ఆమె ఆ నీళ్లు తాగి, సువార్తమ్మ భుజం తట్టి, కారెక్కింది. ఉప్పుమడుల మీద ఎండ పళ్లెంలా మెరుస్తోంది. డ్రైవరు ఏసీ పెంచమంటారా అని అడిగితే వద్దంది. అద్దాలు దించుకుని ఆ వేడిలోనే ఇంటికి చేరింది. దానివల్ల ఎవరికీ ఏ మేలూ జరగదని ఆమెకు తెలుసు.

*

జూన్‌లో క్వార్టర్లు కూల్చడం మొదలుపెట్టారు. రెండు రోజుల పని అన్నాడు కాంట్రాక్టరు. తొమ్మిది రోజులు పట్టింది. ఇనుప గుండు కొడితే గోడ పెచ్చు లేచేది తప్ప ఒరిగేది కాదు. మూడో రోజు క్రేను తీగ తెగింది. ఐదో రోజు పెద్ద యంత్రం తెప్పించారు. పాతకాలపు గచ్చు, బెల్లం సున్నం, లోపల వేలిమందం కడ్డీలు. కడ్డీలు విరిచి చూస్తే లోపల ఇంకా నీలంగా నిగనిగలాడుతున్నాయి.

ఏసుదాసు సెలవు పెట్టి తొమ్మిది రోజులూ అక్కడే, రోడ్డు అవతల నిలబడి చూశాడు. గుండు పడిన ప్రతిసారీ వచ్చే చప్పుడు విన్నాడు. పదో రోజు లాబ్‌కు వచ్చాడు. అతనితో నఫీసా కూడా ఉంది. ఇల్లు ఖాళీ చేసిన రోజు, తొమ్మిదేళ్ల అలవాటు కొద్దీ, ఏసుదాసు వంటింటి గోడకు ఫోన్లు అంటించి ఆఖరిసారి రోకలి దెబ్బలు వేశాడట. ఆ రికార్డు లెక్క కట్టించకుండా దాచుకున్నాడు. కట్టించడమంటే మేడం గారి మాటను అనుమానించినట్టవుతుందని. కూల్చివేత చూశాక దాన్ని నఫీసాకు పంపాడు. నఫీసా పాత నాడిలో వేసి చూసింది.

"ముప్ఫై ఎనిమిదేళ్లు మేడం," అంది నఫీసా.

హైమవతి ఉప్పు గాలి గురించి ఏదో మొదలుపెట్టింది. నఫీసా ఆమె వాక్యం పూర్తికానిచ్చి, అప్పుడు అడిగింది.

"మీకెప్పుడు తెలుసు?"

హైమవతి కిటికీ వైపు చూసింది. ఏసుదాసు ఆమె ముఖం చూశాడు. రెండు వేల గోడల చప్పుడు విన్న మనిషికి ఒక మనిషి మౌనం వినడం కష్టం కాలేదు. బల్ల మీది ఖాళీ టీ గ్లాసులు రెండూ తీసుకుని, పంపు దగ్గరికి వెళ్లి చాలాసేపు కడిగాడు. కడిగి, బోర్లించి, అటునుంచి అటే వెళ్లిపోయాడు. ఇరవై రోజులు పనికి రాలేదు.

ఆ ఇరవై రోజుల్లో హైమవతి ప్రతి పొద్దునా ఆ గ్లాసుల్ని చూసేది. అటెండరు వాటిలో టీ పోసి తెస్తే తాగలేకపోయేది. ఫిబ్రవరిలో తను తప్పించుకున్న కొలతలు ఇప్పుడు మొదలుపెట్టింది. రోకలి తనే పట్టుకుని, ఎరుపు అంకె ఉన్న నాలుగు కాలనీలు తిరిగింది. ఏ ఒక్కటీ పాతికేళ్లకు తగ్గలేదు. ఆ లెక్కలన్నీ ఒక ఫైలులో పెట్టి, క్వార్టర్లవాళ్లు మళ్లీ చందాలు వేసుకుని పట్టుకున్న లాయరుకు పంపింది. సాక్ష్యం చెబుతానని కింద రాసింది.

*

జిల్లా కోర్టులో ఆమె వంతు ఆగస్టులో వచ్చింది. హాలు వెనక షెడ్ల నుంచి వచ్చిన జనం నిలబడ్డారు. వాళ్లలో ఏసుదాసూ సువార్తమ్మా ఉన్నారు. నఫీసా ముందు బెంచీలో కూర్చుంది.

స్థిరత తరఫు లాయరు ఎక్కువ ప్రశ్నలు వెయ్యలేదు. ఈ లైసెన్సు ప్రకారం తన క్లయింటు మార్పులు బయటపెట్టాలా అని అడిగాడు. అక్కర్లేదంది. పేరు వాడుకోవడానికి ఆమె విడిగా ఉత్తరం రాసి ఇచ్చారా అన్నాడు. ఇచ్చానంది. ఆ లైసెన్సును ఎంచుకున్నదెవరని అడిగాడు. తనేనంది. అతను చాలనుకుని కూర్చున్నాడు.

హైమవతి బోను దిగలేదు. ఇంకొంచెం చెప్పాలని జడ్జిగారిని అడిగింది. అప్పటిదాకా ఇంగ్లీషులో నడిచిన సాక్ష్యాన్ని తెలుగులోకి మార్చి, వెనక నిలబడ్డవాళ్లకు వినపడేలా చెప్పింది. మూడు గళ్లు ఉంటే మూడోది పెట్టమని నఫీసా చెప్పిందని, పేరు కోసం తను మొదటిది పెట్టానని చెప్పింది. ఒప్పుకోని పిల్ల చేత, ఆమె డిగ్రీ కాగితం పక్కన పెట్టి సంతకం చేయించుకున్నానంది. ఫిబ్రవరిలో శశిభూషణ్‌తో మాట్లాడినప్పుడే అంకె మార్చారని తనకు అర్థమైందని, అర్థమయ్యాకే ఏసుదాసుకు ఖాళీ చెయ్యమని చెప్పానని అంది.

"అతను నా మాట నమ్మి మిగతావాళ్లను నమ్మించాడు. వాళ్ల అమ్మ చనిపోయిన రోజు వీళ్లు నాకు దండం పెట్టారు. నేను పెట్టించుకున్నాను."

ఎవరైనా తిట్టి ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది. వెనక నుంచి సువార్తమ్మ మాత్రం, పక్కనున్నామెతో, ఆవిడ ఏమంటోంది అని మెల్లగా అడిగింది. పక్కనామె మళ్లీ చెప్పింది. సువార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటకు వెళ్లిపోయింది.

తీర్పు సగం సగంగా వచ్చింది. ఒకసారి ఇచ్చిన లైసెన్సును వెనక్కి తీసుకోవడం కుదరదు, కంపెనీ తన కోడ్ చూపించనక్కర్లేదు. అయితే, ఎలా వచ్చిందో పరీక్షించడానికి వీల్లేని అంకెను పట్టుకుని ఎవరి చేతా ఇల్లు ఖాళీ చేయించకూడదని కోర్టు చెప్పింది. దాంతో మిగతా నాలుగు కాలనీల్లో కూల్చివేతలు ఆగాయి. లైట్‌హౌస్ క్వార్టర్లు లేవు కాబట్టి వాటి విషయంలో ఆగేదేమీ లేకపోయింది. వాళ్లకు వేరేచోట ఇళ్లు కట్టించమన్న ఉత్తర్వు ఇంకా ఆఫీసుల్లో తిరుగుతోంది. హైమవతి పరిషత్తుకు రాజీనామా పంపింది. విభాగం పెద్ద పదవి నుంచి ఆమెను తప్పించారు, టీచరుగా మాత్రం ఉంచారు.

*

నఫీసా మళ్లీ వచ్చింది, హైమవతి కోసం కాదు, నాడి కోసం. ఆ మాట ఆమె మొహం మీదే చెప్పింది. ఉప్పు గాలిని నిజంగా లెక్కలోకి తీసుకునే కొత్త నాడిని ఇద్దరూ ఏడాది పాటు రాశారు. అవసరమైన మాటలే మాట్లాడుకునేవారు. ఏసుదాసు కూడా పనిలో ఉన్నాడు. రోకలి సంచీ తీసుకుని వెళ్లేవాడు, కొలతలు తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. 'మేడం గారూ' అనేవాడు. అంతకుముందులా మిగతా కబుర్లు చెప్పేవాడు కాదు.

కొత్త నాడికి మూడో గడి. ఈసారి హక్కుదారులుగా ముగ్గురి పేర్లు ఉండాలని హైమవతి అంది. నఫీసా వెంటనే సంతకం పెట్టింది. ఏసుదాసును లాబ్‌లోకి పిలిచి, కుర్చీ వేసి, 'ఏసుదాసు చెవి' అని మళ్లీ రాసిన గళ్ల వరస చూపించారు. ఇక ముందు ఈ లైసెన్సును ఎవరు మార్చాలన్నా అతని సంతకం కూడా కావాలని హైమవతి చెప్పింది.

అతను కుర్చీ అంచున కూర్చున్నాడు.

"అప్పుడడిగినా పెట్టేసేవాణ్నండి," అన్నాడు. "మొదటి గడైనా, ఏ గడైనా. మీరు చెబితే చాలు, చూసేవాణ్ని కూడా కాదు. ఇప్పుడు చదివి పెడతానండి."

కాగితాలు తీసుకున్నాడు. పన్నెండు పేజీలు, అన్నీ ఇంగ్లీషు. ఒక పేజీ తిప్పి, ఇది తెలుగులో లేదా అని అడిగాడు. లేదంది హైమవతి. రాసిస్తానని తెల్లకాగితాలు ముందుకు లాక్కుంది. అతను కుర్చీ దగ్గరకు జరుపుకున్నాడు.

ఆమె ఒక్కో వాక్యం చదివి, తెలుగులో రాసి, బయటకు వినిపించింది. అర్థం కానిచోట అతను ఆపి అడిగాడు. 'ఎవరైనా' అంటే తమ క్వార్టర్లవాళ్లు కూడానా అన్నాడు. వాళ్లు కూడా అంది. ఇచ్చిన అంకె ఎలా వచ్చిందో తమకు చూపించమని అడగొచ్చా అన్నాడు. అడగొచ్చు, చూపించి తీరాలి అంది. అతను తల ఊపి, రాయమన్నాడు. తరగతి గంట కొట్టినా ఆమె లేవలేదు. నఫీసా వెళ్లి ఆ పాఠం చెప్పింది. రాస్తున్నకొద్దీ హైమవతికి ఒక సంగతి తెలిసొచ్చింది. నాలుగేళ్ల కిందట తను టిక్కు పెట్టిన ఆ మొదటి లైసెన్సు ఒక్క పేజీ కాగితం. దాన్ని కూడా తను ఆసాంతం చదవలేదు.

పదో పేజీలో, అన్నీ పెద్ద అక్షరాలతో అచ్చు వేసిన ఒక వాక్యం దగ్గర ఆమె కలం ఆగింది. ఇలాంటి లైసెన్సులన్నిటిలో ఉండే మాటే అది. తీసెయ్యడానికి వీల్లేదు. ఏసుదాసు ఏమైందని అడిగాడు. ఆమె రాసింది. రాశాక చదవక తప్పలేదు.

"ఈ సాఫ్ట్‌వేర్ వల్ల ఎవరికి ఎటువంటి నష్టం జరిగినా, రాసినవారికి ఏ బాధ్యతా లేదు."

ఏసుదాసు ఆ కాగితం తన వైపు తిప్పుకున్నాడు. ఆమె చేతిరాతలో ఉన్న ఆ వరస మీద వేలు పెట్టి, తనలో తను ఇంకోసారి చదువుకున్నాడు. తర్వాత కాగితం మళ్లీ ఆమె ముందుకు జరిపాడు.

"ఈ ఒక్క ముక్క ఇంగ్లీషులోనే ఉంచెయ్యండి మేడం గారూ," అన్నాడు.

ఆమె తెలుగు కాగితంలో ఆ వాక్యం కొట్టేసింది. సంతకం ఎక్కడ పెట్టాలని అతను అడిగాడు. తల ఎత్తకుండానే, వేలితో చూపించింది.